పాలు మానేసిన ఇల్లు

పులివెందుల,
11 ఆగస్టు 2024

అత్తా,

వందనాలు. ఫోన్ చేస్తే నువ్వు "ఆ, బాగుండాము, బాగుండాము" అని పెట్టేస్తావు. నేనేం చెప్పానో నీకు వినపడలేదని నాకు తెలుసు. వినపడలేదని నువ్వు ఒప్పుకోవనీ తెలుసు. అందుకే కాగితం తీసుకున్నాను. బడిలో పిల్లలకు ఉత్తరం ఎట్ల రాయాలో చెప్తానే గాని, నేనుగా ఎవరికీ రాసింది లేదు. తప్పులుంటే దిద్దుకో.

పాప గురించే రాస్తున్నాను. హెలెన్‌కు ఐదు నిండి ఆరు నడుస్తోంది, ఇంకా ఒక్క మాట లేదు. ఆటిజం అని కడప డాక్టరు చెప్పి ఏడాది దాటింది. "దీనికి మందు లేదమ్మా, ఓపికగా నేర్పించుకోవాల" అన్నాడు. ఇక్కడ ఇట్లాంటి పిల్లల కోసం సర్కారు పెట్టిన భవిత కేంద్రానికి వారంలో రెండు రోజులు తీసుకుపోతున్నాం. ఆర్షియా టీచర్ బొమ్మల కార్డులు ముందర పెట్టుకొని, ఒక్క పాలగ్లాసు బొమ్మ మీదే వారాలు గడుపుతోంది. మంచి మనిషే. కానీ గ్లాసు బొమ్మ చూసి నా బిడ్డ ఎప్పటికి మాట్లాడేది?

అందుకని మొన్న ప్రొద్దుటూరులో ఒక సెంటర్‌కు పోయినాం. చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో సెలవు పెట్టి వినోద్ కూడా వచ్చాడు. పాప వెంట్రుకలు కత్తిరించి పరీక్షకు పంపారు. రంగురంగుల రిపోర్టు వచ్చింది. ఒంట్లో లోహాలు చేరాయంట. పాలు, గోధుమ ఈ బిడ్డకు విషమంట. అవి మానేసి చుక్కల మందు వేస్తూ ఉంటే, మూడు నెలల తర్వాత సెలైన్ ఎక్కించి లోహాలన్నీ లాగేస్తారంట. గోడ నిండా నయమైన పిల్లల ఫోటోలు. ఒక పిల్లోడు మైకు పట్టుకొని పాడుతున్నాడు. అత్తా, ఆ ఫోటో ముందర నిలబడి ఏడ్చేశాను.

ఇంటికి రాగానే పాలు పోసే ఆమెను మాన్పించాను. పక్కింటి ఖమ్రున్నీసా అక్క ఎందుకని అడిగింది. నేను బడి నుంచి వచ్చేదాకా పాపను చూసుకునేది ఆమే, చెప్పక తప్పదు. విషమూ లోహాలూ అని నా బిడ్డ గురించి చెప్పడానికి నోరు రాలేదు. "దేవునికి మొక్కుకున్నాం అక్కా. పాపకు మాట వచ్చేదాకా మా ఇంట్లో పాలు, గోధుమ ముట్టం" అన్నాను. పూర్తి అబద్ధం కూడా కాదు, ప్రార్థన చేసే మొదలుపెట్టాను.

మిషనాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన దానివి. మంచి పని చేశావని ఒక్క మాట రాయి.

నీ మేనకోడలు,
లిడియా

*

జమ్మలమడుగు,
20 ఆగస్టు

లిడియాకు చెవిటి అత్త దీవెనలు. తిట్లు కింద ఉన్నాయి.

ప్రొద్దుటూరు దాకా వచ్చి జమ్మలమడుగు రాకుండా తిరిగిపోయినావు. పక్కనే కదా, బస్సెక్కితే దిగడమే. వస్తే అత్త వద్దంటుందని భయం. అంటే నీకూ లోపల అనుమానం ఉందన్నమాట.

గోడకు నయమైన పిల్లల ఫోటోలు ఉన్నాయి, సరే. నయం కాని పిల్లల ఫోటోలు ఏ గోడకు పెట్టారు? ఆ పాడే పిల్లోడు మందు వేయకపోతే పాడేవాడు కాదని వాళ్ళకు ఎట్ల తెలుసు? ఈసారి పోయినప్పుడు ఒకటి అడుగు. "ఏం జరిగితే మీ మందు పనిచేయలేదని ఒప్పుకుంటారు?" అని అడిగి, వాళ్ళు ఏమన్నారో రాయి.

పాలు మాన్పించావు కదా, బదులుగా రాగులు, నువ్వులు, మునగాకు పెట్టు. ఎముకలు గట్టిపడే వయసు. సెలైన్ మాట మాత్రం నాకు మింగుడు పడలేదు. అందులో కలిపే మందు పేరు నాకు తెలిసేదాకా బిడ్డకు సూది తాకనివ్వద్దు.

అన్నట్టు, మన చర్చి సంఘం సరోజమ్మ పులివెందులకు వస్తుంటే ఆమె చేతికిచ్చి వసకొమ్ము పంపుతున్నాను. సాన మీద రెండు చుట్లు అరగదీసి, తేనెతో పాప నాలుక మీద రాయి. మీ నాయన డేవిడ్‌కు నాలుగేళ్ళదాకా మాట లేదు. మా అమ్మ వస రాసింది. పెద్దయ్యాక సంఘం కమిటీలో ఆయన మాట ఆపడానికి అయ్యగారు లేచి ముగింపు ప్రార్థన మొదలుపెట్టేవారు. అది వస మహిమ.

నీ మంచి కోరే,
సుశీలమ్మ అత్త

*

పులివెందుల,
15 సెప్టెంబర్

అత్తా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు కోపంగా ఉన్నాను. నా మందుకు రుజువు అడుగుతావు. నీ వసకు మా నాయన నోటిని సాక్ష్యం పెడతావు. ఇదెక్కడి న్యాయం?

వస అందింది. ఎట్ల అరగదీయాలో సరోజమ్మ మళ్ళీ మొదటి నుంచి చెప్పి పోయింది. నీ ప్రేమ అందులో ఉంది, కాదనను.

మొదట్లో శానా కష్టమైంది. పాప ఖాళీ గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టి నిలబడేది. నీళ్ళు పోస్తే ఒంపేసి మళ్ళీ తెచ్చేది. నేను లోపలి గదిలోకి పోయి కళ్ళు తుడుచుకొని వచ్చేదాన్ని. వినోద్ ఇంటికొచ్చినప్పుడు పాలు లేని టీ తాగి, కషాయం తాగినట్టు ముఖం పెట్టి, "బాగుంది" అనేవాడు. ఇప్పుడు నయం. పాప గ్లాసు తేవడం మానేసింది. నేను బడి నుంచి వచ్చేసరికి ఖమ్రున్నీసా అక్క కుట్టుమిషన్ పక్కన కూర్చొని, చక్రం తిరగడం చూస్తూ హాయిగా ఉంటోంది. ఒళ్ళు కూడా చేసింది, పాలు లేకుండానే! సెంటర్ వాళ్ళు మళ్ళీ పరీక్ష చేసి పాల విషం సగానికి తగ్గిందన్నారు.

నువ్వు అడగమన్నది అడిగాను. "తల్లికి నమ్మకం లేకపోతే ఏ మందూ పనిచేయదమ్మా" అన్నాడు ఆ డాక్టరు. పక్కన కూర్చున్న తల్లులందరూ నావైపు చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇక నాతో ఇట్లాంటివి అడిగించొద్దు.

లిడియా

*

జమ్మలమడుగు,
2 అక్టోబర్

కోపం మంచిదే కోడలా, మనింటి ఆడవాళ్ళకు అదే బలం.

వస అందిందన్నావు, సంతోషం. మానకుండా రాస్తూ ఉండు. బిడ్డ ఒళ్ళు చేసిందంటే నాకు ఆశ్చర్యం లేదు, వస ఆకలిని కూడా పుట్టిస్తుంది.

"నమ్మకం లేకపోతే పనిచేయదు" అంటే ఏంటో ఆలోచించావా? పనిచేస్తే గొప్ప ఆయనది, పనిచేయకపోతే తప్పు నీది. మా వార్డులో జ్వరం బిళ్ళ ఇస్తే నమ్మినవాళ్ళకూ నమ్మనివాళ్ళకూ ఒకే రకంగా జ్వరం తగ్గేది. నువ్వు సిగ్గుపడాల్సిన పని లేదు.

చెవికి మిషన్ పెట్టించుకున్నాను. ఎదురింటి కోడి కూత బ్రహ్మాండంగా వినపడుతోంది, మనుషుల మాటే వినపడటం లేదు. ఈ వీధిలో అదేమంత నష్టం కాదులే.

సెలైన్‌లో కలిపే మందు పేరు ఇంకా రాయలేదు నువ్వు.

అత్త

*

పులివెందుల,
11 నవంబర్

అత్తా, అత్తా, అత్తా!

పాప మాట్లాడింది. నిన్న, ఆదివారం, నా చెవులతో విన్నాను. సంఘమంతా విన్నది.

నిన్న కోతపండుగ. ఆరాధన అయ్యాక ఎప్పటిలాగే కానుకలన్నీ చర్చి ముందర పరిచి వేలం పెట్టారు. చీనీకాయల బుట్టలు, అరటిగెలలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. పాస్టరు పౌలు అయ్యగారే వేలం పాట పాడించారు. మంచి గుమ్మడికాయ దొరుకుతుందని ఖమ్రున్నీసా అక్క కూడా ఏటా వస్తుంది కదా, పాప ఆమె ఒళ్ళో కూర్చుంది. ప్రతి వస్తువుకూ అయ్యగారు "ఒకటోసారి... రెండోసారి..." అని ఆగి, చుట్టూ చూసి, "మూడోసారి" అని బల్ల మీద కొడతారు. పాప బల్ల వైపే చూస్తోంది. లింగాల వాళ్ళు తెచ్చిన పెద్ద గుమ్మడికాయ వచ్చింది. "ఒకటోసారి... రెండోసారి..." ఎవరైనా పెంచుతారేమోనని అయ్యగారు ఆగారు.

"మూడోసారి!"

నా బిడ్డ గొంతు. ఎంత స్పష్టంగా అన్నదో! నాకు ఆ గొంతు ఎట్ల ఉంటుందో కూడా అప్పటిదాకా తెలియదు అత్తా. అయ్యగారు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. ఖమ్రున్నీసా అక్క ఏడుస్తోంది, నేను ఏడుస్తున్నాను. ఆ గుమ్మడికాయ చివరికి ఎవరికి పోయిందో ఎవరికీ గుర్తు లేదు. తర్వాత కోళ్ళకూ అరటిగెలలకూ అన్నిటికీ పాపే "మూడోసారి" అన్నది.

సెంటర్‌కు ఫోన్ చేసి చెప్పాను. చుక్కల మందు పనే అన్నారు. పోయిన వారం చేసిన పరీక్షలో పాల విషం పూర్తిగా పోయిందని వచ్చిందంట, ఇక లోహాలే మిగిలాయంట. డిసెంబర్ రెండున సెలైన్ ఎక్కిస్తామన్నారు. నేనూ పాపా కూర్చుంటే వీడియో తీసుకుంటారంట. క్రిస్మస్ ముందు ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్తానని అయ్యగారికి మాటిచ్చాను.

"అమ్మ" అని ఇంకా అనలేదు. సెలైన్ తర్వాత అంటుందని డాక్టరు చెప్పాడు. అందుకే ఎక్కిద్దామనుకుంటున్నాను. మందు పేరు వేరే చీటీలో రాసి పెట్టాను.

నీ లిడియా

*

జమ్మలమడుగు,
18 నవంబర్

నా తల్లీ,

నీ ఉత్తరం పోస్టుమ్యాన్ ముందరే చదివి ఆయనకు కాఫీ ఇచ్చాను. ఆయన భయపడిపోయాడు, ఇన్నేళ్ళలో నేను ఇవ్వడం అదే మొదలు.

చెప్పానా లేదా? వస! ఆదివారం చర్చిలో స్త్రీల మైత్రి కూటంలో లేచి చెప్పేశాను. మా మనవరాలు వసతో మాట్లాడింది, పేరు హెలెన్, ఊరు పులివెందుల అని. ఇప్పుడు అంగట్లో వసకొమ్ములు దొరకడం లేదంట. మైలవరం నుంచి కూడా మనుషులు వచ్చి ఎన్ని చుట్లు అరగదీయాలని నన్ను అడుగుతున్నారు.

ఇక నవ్వు పక్కన పెట్టి చదువు. నీ చీటీ పట్టుకొని మా ఆసుపత్రికి పోయి చిన్న డాక్టరమ్మను అడిగాను. ఆ అమ్మాయి చదివి కుర్చీలో సర్దుకొని కూర్చుంది. రక్తంలో సీసం నిజంగా ఎక్కువున్న పిల్లలకు ఆ రకం మందులు వాడతారంట, అదీ పెద్దాసుపత్రిలో, పక్కన మనుషులను పెట్టుకొని. ఆటిజానికి పనిచేస్తుందని రుజువు లేదు. పైగా నువ్వు రాసిన మందు రక్తంలో కాల్షియాన్ని కూడా లాగేస్తుంది. అది పడిపోతే గుండె ఆగిపోతుంది. అట్ల పోయిన బిడ్డలు ఉన్నారని చెప్పింది.

బిడ్డ గుండెతో పందెం వద్దు లిడియా. ఎక్కిస్తే ఇక నీతో మాట్లాడను అని రాసి కొట్టేశాను, పైన చూడు. మాట్లాడతాను. కానీ ఎక్కించొద్దు. కాళ్ళు పట్టుకుంటాను.

అత్త

*

పులివెందుల,
27 నవంబర్

అత్తా,

ముందు ఒక్క మాట చెప్పేస్తాను. ఊపిరి తీసుకో. ప్రొద్దుటూరుకు పోవడం లేదు. సెలైన్ లేదు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను సంచి సర్దుకుంటున్నాను. చదివి భయపడ్డాను, అయినా సర్దడం ఆపలేదు. "అమ్మ" అంటుందన్న ఆశ అట్లాంటిది. ఖమ్రున్నీసా అక్క పాపను దించడానికి వచ్చి, సంచి చూసి యాడికని అడిగింది. ఆ రోజు ఇక దాచలేకపోయాను. విషం, లోహాలు, పాలు మాన్పించడం, గుండె గురించి నువ్వు రాసిన మాట, అన్నీ చెప్పేశాను. ఆమె గుమ్మంలోనే కూలబడింది.

"పాలు మానింది మీ మొక్కు కాదా?"

"మొక్కే అక్కా. కానీ మందు కోసం పెట్టుకున్న మొక్కు."

"యా అల్లా! నేను మా రంజాన్ రోజా మాదిరి అనుకుంటి లిడియా. మా దాంట్లో చిన్నబిడ్డలకు, ఒంట్లో బాగలేనోళ్ళకు రోజా లేదు. మీ దేవుడు మాత్రం పసిదాని నోటికాడి పాలు తీసుకుంటాడా అనుకుంటి. మా అత్తకు సాయంత్రం పాలల్లో బన్ను అద్ది పెడతాంటే, ఈ పాప వచ్చి ఆమె పక్కన కూర్చోని నోరు తెరిచె. తెరిచిన నోటికి లేదని ఎట్ల చెప్పేది? మొదటి వారం నుంచీ పెడతాండా."

"మరి బలానికని చెప్పి మధ్యాహ్నం వేయమని నీకిచ్చిన చుక్కల మందు?"

"నోట్లో ఏస్తే ఉమ్మేస్తాండె. నేను తుడుస్తాంటి. లోపలికి ఏం పోయిందో ఏమో నాకు తెల్దు. నీకు చెప్తే బాధపడతావని గమ్మునుంటి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్ని నెలలు మా ఇంట్లో చుక్క పాలు లేకుండా చేశాను, పక్కింట్లో బన్ను అద్ది పెడుతున్నారా! తిట్టడానికి నోరు తెరిచాను. అప్పుడే సంచిలో పైనే ఉన్న రిపోర్టు కనపడింది. పాల విషం పూర్తిగా పోయింది అని, పచ్చరంగులో. ఆ ముందు దాంట్లో సగం తగ్గింది అని. అత్తా, రోజూ పాలూ బన్నూ తిన్న బిడ్డకు ఆ రిపోర్టు! నాకు నవ్వొచ్చింది. ఎంతకూ ఆగలేదు. అక్క నాకు మతిపోయిందనుకొని నీళ్ళు తెచ్చింది.

అక్కడే సెంటర్‌కు ఫోన్ చేశాను. "నా బిడ్డ రోజూ పాలు తాగింది. మీ పరీక్షలో ఆ విషం యాడికి పోయింది సార్?" అన్నాను. కాగితాలు తిరగేసిన చప్పుడు వినపడింది. తర్వాత, "అయితే కోర్సు మళ్ళీ మొదటి నుంచి చేయాలమ్మా" అన్నాడు. పెట్టేశాను. ఫోన్ పెట్టేశాక నా వీపు మీద నుంచి బస్తా దించినట్టయింది. వినోద్‌కు చెప్తే, "ఇకనైనా పాలటీ పెడతావా?" అన్నాడు. ఆ మాట అంటూనే ఏడ్చాడు. ఆయన కూడా ఇన్నాళ్ళూ సెలైన్ అంటే భయపడుతూనే ఉన్నాడంట. నేను ఆశ పెట్టుకున్నానని నోరు విప్పలేదు.

సాయంత్రం పాలు కాచాను. పాప వాసనకు వచ్చింది. గ్లాసు తేలేదు. ఆర్షియా టీచర్ ఇచ్చిన కార్డుల్లోంచి గ్లాసు బొమ్మ కార్డు వెతికి తెచ్చి, నా చేతిలో పెట్టి, నా ముఖం వైపు చూసింది. అడగడం అంటే అదే కదా. నేను గ్లాసు నిండా పోశాను.

ఇక నీ సంగతి. నీ వసకొమ్ము ధనియాల డబ్బాలో ఉంది, సరోజమ్మ తెచ్చిన కాగితంలోనే. ఒక్క చుట్టు కూడా అరగలేదు. స్త్రీల మైత్రికి నా వందనాలు చెప్పు.

నీ కోడలు,
లిడియా

*

జమ్మలమడుగు,
4 డిసెంబర్

లిడియా,

"ప్రొద్దుటూరుకు పోవడం లేదు" అన్న చోటే ఆపి, కుర్చీలో కూర్చొని దేవునికి స్తోత్రం చెప్పి, తర్వాత మిగతాది చదివాను. రెండో తారీఖున పొద్దంతా నాకు అన్నం పోలేదు. నీ ఉత్తరం ముందే చేతిలో ఉన్నా సరే, భయం భయమే. నిన్నటి నుంచి మాత్రం రెండు పూటలా తింటున్నాను. ఖమ్రున్నీసాను నేను ముద్దు పెట్టుకున్నానని చెప్పు. బన్ను ఏ అంగడిదో కూడా కనుక్కో.

వస గురించి నన్ను బాగానే కొట్టావు. నిన్ను అడగమన్న ప్రశ్న నన్ను నేను అడుక్కోలేదు. మీ నాయన వస లేకపోయినా మాట్లాడేవాడేమో, ఎవరు చూశారు? మైత్రిలో మళ్ళీ లేచి, "అమ్మా, ఆ వస డబ్బాలోనే ఉందంట, ఎవరూ అరగదీయొద్దు" అన్నాను. సరోజమ్మ వెంటనే, "డబ్బాలో ఉండే ఇంత పనిచేసిందా!" అంది. ఆమెను నేనేం చేయలేను.

సాక్ష్యం చెప్తానని మాటిచ్చావు కదా. ఏం చెప్తావు? పిలిచారు కదా అని నయమైందని చెప్పి దిగిరావద్దు. అక్కడ ఇంకొక తల్లి కూర్చొని ఉంటుంది, నువ్వు ప్రొద్దుటూరులో ఫోటో ముందర నిలబడినట్టు.

అత్త

*

పులివెందుల,
23 డిసెంబర్

అత్తా,

చెప్పాను. నిన్ననే.

ముందు ఇంటి సంగతి రాస్తాను. వేలం మాటను వదలొద్దని ఆర్షియా టీచర్ చెప్పింది. ఇప్పుడు మా ఇంట్లో అన్నీ వేలమే. తల దువ్వేటప్పుడు "ఒకటోసారి", జడ అల్లేటప్పుడు "రెండోసారి", రిబ్బన్ కట్టి ఆగుతాను. పాప "మూడోసారి" అని లేచి పరుగెత్తుతుంది. ఇంతకు ముందు జడ వేస్తే ఏడ్చేది కదా, అయిపోతుందని తెలియక ఏడ్చేదేమో. అన్నానికీ, స్నానానికీ, చెప్పులకూ అదే. ఎందుకు ఇప్పుడు మాట వచ్చిందని టీచర్‌ను అడిగాను. "నాకూ తెల్దు లిడియా మేడం. కార్డులా, వయసా, ఆ వేలమా, ఎట్ల చెప్తాం? వచ్చింది కదా, పట్టుకుందాం" అంది. తెలియదని చెప్పిన మనిషి మీద నాకు మొదటిసారి నమ్మకం కుదిరింది.

నిన్న అయ్యగారు పిలిచారు. నువ్వు రాసిన ఆ ఇంకొక తల్లి నిజంగానే ఉంది, వల్లూరు నుంచి వచ్చింది, మూడో వరుసలో కొడుకును గట్టిగా పట్టుకొని. నేను రాసుకున్నదంతా మర్చిపోయి ఆమెకే చెప్పాను.

"నా బిడ్డ నయమైందని చెప్పడానికి నన్ను పిలిచారు. నయం కాలేదు. ఆమెకు జబ్బు లేదు, ఆమె తీరు అది. ఒక మాట నేర్చుకుంది. ఏ చుక్కల మందుతోనూ కాదు, వసతోనూ కాదు. పాలు మాన్పించి కాదు, ఎందుకంటే పక్కింట్లో రోజూ తాగింది. ఎవరూ నన్ను సెంటర్ ఫోన్ నంబరు అడగొద్దు. భవిత కేంద్రం ఎక్కడో అడగండి, నేనే తోడొచ్చి చూపిస్తాను. నన్ను ఇంకా అమ్మ అని పిలవలేదు. పిలుస్తుందో లేదో తెలియదు. పిలవకపోయినా, పాలు కావాలంటే నా దగ్గరికే వస్తుంది. నాకు అది చాలు. ఆ సూది బారి నుంచి నా బిడ్డ తప్పించుకుంది, దానికే ఈరోజు స్తోత్రం చెప్తున్నాను."

ఏమనాలో, ఆమెన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. స్తోత్రకానుకగా తెచ్చిన చిన్న కవరు బల్ల మీద పెట్టాను. అయ్యగారు ముగించడానికి బల్ల మీద చెయ్యి పెట్టారు.

"మూడోసారి!"

వెనక వరుసలోంచి, వినోద్ భుజాల మీద నుంచి. చర్చి అంతా ఒక్కసారిగా నవ్వింది. వల్లూరు తల్లి కూడా నవ్వింది. అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకొని, బల్ల మీద గట్టిగా కొట్టి, "పాట అయిపోయింది" అన్నారు.

నేను దిగివచ్చి పక్కన కూర్చుంటే వినోద్ పాపను నా ఒళ్ళోకి దించి, చెవిలో చెప్పాడు.

"పాట మనకే పడింది లిడియా."

నీ కోడలు,
లిడియా